కొర్రమట్టకు కావలి పుల్ల

మత్స్యశాఖలో కొత్తగా చేరిన ఇద్దరు ఆఫీసర్లు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. సర్వీసులో నేర్చుకున్నది ఏదైనా చెప్పమన్నారు. టీ తాగినంతసేపూ నేను ట్రాన్స్‌ఫర్ల గురించే మాట్లాడాను. వాళ్లు వెళ్లాక నాకే సిగ్గేసింది. అందుకని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సీనియారిటీ గొడవలు ఇందులో ఉండవు, అవి మీకు మీ సెక్షన్ గుమస్తా అడక్కుండానే చెబుతాడు. నేను ఒక చెరువు సంగతి మాత్రం చెబుతాను.

మన ఉద్యోగం చేపలతో అని అందరూ అనుకుంటారు. నిజానికి చేపలతో నాకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఇబ్బందంతా పట్టేవాళ్లతో, తినేవాళ్లతో, తమ వాళ్లకు పట్టించి పెట్టమనేవాళ్లతో. నేను ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్‌నని తెలియగానే వరంగల్ మట్టెవాడలో మా చుట్టాలు వేసిన మొదటి ప్రశ్న, "అయితే ఇంట్ల రోజూ చేపల పులుసేనా?" అని. మా ఆవిడ మాత్రం చేపలు ఎప్పుడూ బజారులోనే కొన్నది. ఇంకో సంగతి కూడా ఇప్పుడే ఒప్పేసుకుంటే మంచిది. నాకు ఈత రాదు. సర్వీసంతా నీళ్ల మీద గడిపాను గానీ, నేర్చుకోవడానికి ధైర్యం చాలలేదు.

చెరువు, చేప

డెబ్బైల మధ్యలో నాకు మొదటిసారి సొంతంగా అప్పగించిన చెరువు అది. పేరు రాయను. నెక్కొండ స్టేషన్లో దిగి అడవి వైపు వెళితే వస్తుంది. మూడు వైపులా గుట్టలు, ఒక వైపు కట్ట. కట్ట చివర మత్తడి, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే రాతి కట్టడం. దాని పక్కన చిన్న గెస్ట్ హౌస్, చెరువు వైపు వరండా. వానలు బాగా పడిన ఏడు నీళ్లు ఆ వరండా మెట్ల దాకా వచ్చేవి. టేకు పూసినప్పుడు అవతలి గుట్టలు తెల్లగా కనిపించేవి. నేను అందాలు చూసి మైమరిచే మనిషిని కాను గానీ, ఆ వరండాలో కూర్చుంటే ఫైలు తెరవబుద్ధి అయ్యేది కాదు.

సెలవు రోజుల్లో కాజీపేట నుంచి, హన్మకొండ నుంచి, అప్పుడప్పుడు హైదరాబాద్ నుంచి కూడా గాలపు కర్రలు పట్టుకుని వచ్చేవాళ్లు. పర్మిట్లు ఇచ్చేది నా ఆఫీసే. అందరూ వచ్చేది ఒక్క చేప కోసం. పుస్తకాల్లో కొర్రమీను, మా దగ్గర కొర్రమట్ట. రాగండి, బొచ్చెల లాగా పిండి ముద్దకు లొంగే చేప కాదు. తుంగలో నక్కి ఉండి, కప్ప కదిలితే వచ్చి కొడుతుంది. ఆ చప్పుడు కట్ట మీదికి వినిపిస్తుంది. గాలానికి తగిలాక తుంగ వేళ్లలో దూరి చుట్టుకుంటుంది. దాన్ని బయటికి లాగడం పెద్ద పంచాయితీ. ఆ పంచాయితీ మరిగినవాడు మళ్లీ శనివారం వచ్చేదాకా ఆఫీసులో కుదురుగా కూర్చోలేడు.

ఆ ఊరి మత్స్యకారుల సొసైటీకి కూడా ఆ చేపే ఆధారం. కొర్రమట్ట గాలి పీల్చుకుని బతుకుతుంది కాబట్టి తడి గోనెలో చుడితే వరంగల్ మార్కెట్ దాకా ప్రాణంతో పోతుంది. ప్రాణంతో ఉన్న చేపకే గిరాకీ. అది ఉన్నంతకాలం ఆ మనుషులు తమ ఊళ్లో ఉంటారు. అది పోయిందంటే సంసారాలు వదిలి ఇంకో నీటిని వెతుక్కుంటూ పోవాల్సిందే. ఇది గుర్తుంచుకుని మిగతాది చదవండి.

ఆశీర్వాదం గారు

నా మొదటి బాసు ఆశీర్వాదం గారు, అసిస్టెంట్ డైరెక్టరు. వరంగల్‌లోనే పుట్టి పెరిగిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. శనివారం మధ్యాహ్నం చెరువు, ఆదివారం పొద్దున చర్చి. ఈ రెండింటికీ ఏ మీటింగూ అడ్డు రాకూడదు. గాలం మీద అంత పిచ్చి ఉన్న మనిషిని నేను చూడలేదు. అంత కోపిష్టినీ చూడలేదు. ఒకసారి ఒక కాంట్రాక్టరు ట్రాన్సిస్టర్ పట్టుకుని వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

"ఏందయ్యా అది?"

"సినిమా పాటలు సార్."

"చేపలకా, నీకా?"

"ఊరికే టైంపాస్‌కు సార్."

"టైంపాస్‌కు వరంగల్ల టాకీసులున్నయి గదా. లే ఇక్కడికెళ్లి."

ఆ కాంట్రాక్టరు సాయంత్రం దాకా కట్ట కింద చింతచెట్టు నీడలో ఒంటరిగా పాటలు విన్నాడు.

పట్టిన చేపల్లో సగం ఆయన నీళ్లలోకే వదిలేసేవారు. ఇంట్లో ఆయన భార్య సుగుణమ్మ గారిది ఒకటే షరతు, పట్టుకొచ్చినవాళ్లే కడుక్కోవాలని. కాబట్టి ఆ వదిలేయడంలో జాలి ఎంత, భయం ఎంత అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

అయితే ఆయన ఉన్నంతకాలం మిరుగు కార్తె, అంటే మృగశిర, వానలు మొదలవగానే గాలం పర్మిట్లు ఆగిపోయేవి. అది కొర్రమట్ట పిల్లలు పెట్టే కాలం. ఆపమని రూలు ఎక్కడా లేదు. ఎవరైనా వచ్చి ఎందుకివ్వరని గట్టిగా అడిగితే, "నేనే వేస్తలేను, నువ్వెవరివయ్యా?" అనేవారు. మా జిల్లాలో అదే రూలుగా నడిచింది. మీరు కూడా ఇలాంటి పైఅధికారి దగ్గర కొన్నాళ్లు పనిచేయాలని కోరుకుంటాను. కోపం భరించండి, ఫరవాలేదు.

సొసైటీ వాళ్ల పద్ధతి

సొసైటీ ప్రెసిడెంటు సారయ్య. నాకంటే కొంచెం పెద్దవాడు, మాట పొదుపు, నవ్వు ధారాళం. కావలి పుల్ల సంగతి నాకు చెప్పింది అతనే.

కొర్రమట్టలు జంట కట్టి, తుంగలో కాస్త జాగా శుభ్రం చేసుకుని గుడ్లు పెడతాయి. పిల్లలు ఎర్రగా ఉంటాయి, ఒకే గుంపుగా తిరుగుతాయి. గాలి కోసం అన్నీ ఒకేసారి పైకి వస్తే అక్కడి నీళ్లు కుతకుత ఉడుకుతున్న అన్నంలా కనిపిస్తాయి. కింద తల్లీ తండ్రీ కాపలా. ఆ రోజుల్లో అవి ఆకలితో కాదు, కోపంతో కొడతాయి. గుంపు మీద ఏది పడినా మీదికి వస్తాయి. అంటే, పిల్లల మీద గాలం వేస్తే చేతకానివాడికి కూడా పెద్ద చేప పడుతుంది. కాపలా పోయిన పిల్లలను మిగతా చేపలు మిగల్చవు.

అందుకని సొసైటీలో ఎవరికి ముందు గుంపు కనిపిస్తే వాళ్లు అక్కడ ఒక వెదురు పుల్ల పాతి, కొనకు తెల్ల గుడ్డపేలిక కట్టేవాళ్లు. గుంపు జరిగితే పుల్లా జరిగేది. పిల్లలు పెరిగి నల్లబడి, ఎవరి దారిన అవి చెదిరిపోయేదాకా దాని దగ్గర ఎవరూ వల వేయరు. తర్వాత పాతినవాడే పీకుతాడు.

"పుల్ల దాటి ఎవరైనా వల వేస్తే?" అని అడిగాను సారయ్యను.

"ఎందుకేస్తరు సారూ? రేపటికి గవ్వి ఆల్లయే గద."

"అయినా వేస్తే?"

"కులంల నిలవెట్టి అడుగుతం. తప్పు పైసలు కట్టిచ్చుకుంటం. కట్టినా సుత వాని తెప్ప ఎవ్వడెక్కడు."

నేను చేరిన కొత్తలో వానాకాలం కట్ట మీద నిలబడితే తుంగ పొడుగునా తెల్ల పేలికలు ఊగుతూ కనిపించేవి. కాలేజీలో మాకు చెరువు బాగోగులు లెక్కకట్టే పద్ధతులు చాలా నేర్పారు. నాకు మాత్రం కట్ట మీద నిలబడి ఒకసారి చూస్తే సరిపోయేది.

తగ్గిన నీళ్లు

చెరువు ఒక్క ఏడాదిలో పాడవలేదు. గుట్టల మీద చెట్లు కొట్టేశారు. వానకు మట్టంతా చెరువులోకి దిగింది. పూడిక పెరిగితే నీళ్లు వెనక్కి తగ్గాయి. నీళ్లు తగ్గితే చెరువు లోపలి నేల బయటపడింది. దాన్ని శిఖం అంటారు. ఆ శిఖంలో నాట్లు వేసుకున్న రైతు, మళ్లీ వాన పడితే చెరువు నిండొద్దని కోరుకుంటాడు. తూము తెరవమని పొద్దున్నే మన ఇంటి ముందుకు వస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు, అతనికీ పిల్లలున్నారు. మిగిలిన నీళ్లకు ఆయిల్ ఇంజన్లు పెట్టారు. మూలమూలల్లో గుర్రపుడెక్క అల్లుకుంది. ఎనభైల మొదట్లో గెస్ట్ హౌస్ వరండాలో కూర్చుంటే ముందు బురద, ఆ తర్వాత వరి, ఆ తర్వాత ఎక్కడో నీళ్లు. చూడడానికి వచ్చేవాళ్లు మాత్రం ఇంకా అబ్బ అనేవాళ్లు, ఎందుకంటే వాళ్లు వెనకటి చెరువు చూడలేదు.

పుల్లలు తగ్గుతూ వచ్చాయి.

అతిథులు

ఆశీర్వాదం గారు రిటైరయ్యారు. తర్వాత వచ్చిన ఆఫీసరు పేరు రాయను. చెడ్డవాడని కూడా అనను. ఆయన నమ్మకం ఒకటే, పెద్దవాళ్లను మంచి చేసుకుంటేనే శాఖకు పని అవుతుందని. వానాకాలం పర్మిట్లు మళ్లీ మొదలయ్యాయి.

ఒక ఆదివారం జీపులో వచ్చిన అతిథులు తుంగలో పుల్లలు చూసి అవేమిటని అడిగారు. గెస్ట్ హౌస్ వాచ్‌మన్ మంచివాడు, పైగా ఆ ఊరివాడు. తమ ఊరి పద్ధతి పట్నపు పెద్దమనుషులు అడిగారన్న సంబరంలో అంతా విడమరిచి చెప్పాడు. సాయంత్రానికి వరండాలో తాడుకు పెద్ద పెద్ద కొర్రమట్టలు వేలాడుతున్నాయి. అన్నీ పుల్లల దగ్గర పట్టినవే. కాపాడడానికి పెట్టిన గుర్తు, ఎక్కడ వేయాలో చూపించే గుర్తైంది. తర్వాతి వారం పర్మిట్‌కు వచ్చిన కొత్తవాళ్లు నన్నే అడిగారు, "పుల్లలు ఏ వైపు ఉన్నాయండీ?" అని. నాకు ఒళ్లు మండిపోయింది.

బాసు దగ్గరికి వెళ్లాను. "సార్, ఈ రెండు నెలలూ పర్మిట్లు ఆపుదాం."

"ఆపితే వచ్చినవాళ్లకు ఏం చెప్పను?"

"పిల్లల కాలమని చెబుదాం. సొసైటీ వాళ్ల తిండి పోతుంది సార్."

"ఆ తూముకు కొత్త షట్టర్ ఎట్లా వచ్చిందనుకున్నావ్? ఆ వరండాలో కూర్చుని చేపల ఫ్రై తిన్నాయన సాంక్షన్ చేస్తే వచ్చింది. షట్టర్ లేకపోతే నీ కొర్రమట్టలకు నీళ్లెక్కడివి?"

తిరిగి నా సీటుకు వచ్చేశాను. జవాబు ఇప్పుడు తోస్తుంది గానీ ఏం లాభం? ఇలాంటి వాదన మీకూ ఎదురవుతుంది. అందులో సగం నిజం ఉంటుంది, అందుకే దానితో వేగడం కష్టం.

ఉత్త పుల్లలు

తర్వాతి వానాకాలం చెరువుకు వెళ్లి చూస్తే తుంగ నిండా తెల్ల పేలికలే. నా గుండె ఎగిరి గంతేసింది. సారయ్య నవ్వుతున్నాడు.

"గవ్వన్ని ఉత్తయి సారూ. పొద్దందాక గాలమేసుకోని సావనియ్యండ్రి."

పిల్లలు లేని చోటల్లా పుల్లలు పాతాడు. అసలు పుల్లలు ఏవో సొసైటీ వాళ్లకు మాత్రం చెవిలో చెప్పాడు. అతిథులు ఎండలో మాడి, ఖాళీ సంచులతో తిరిగిపోయారు. ఒకాయన ఎరకు తెచ్చిన కప్పలు బాగాలేవని నాకే ఫిర్యాదు చేశాడు. నేనూ సారయ్యా కడుపు పట్టుకుని నవ్వాం. వెళ్లి చెబితే ఆశీర్వాదం గారు మాత్రం నవ్వలేదు. "మనవాళ్లకెట్ల తెలుస్తది?" అన్నారు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

గుంపులు ఒక చోట ఉండవు. జరిగిన ప్రతిసారీ పుల్ల జరపాలి, మళ్లీ చెవిలో చెప్పాలి. సగంమందికి చేరేది, సగంమందికి చేరేది కాదు. అసలే నీళ్లు తగ్గి వల వేసే జాగా లేదు, ఉన్న జాగా అంతా ఉత్త పుల్లలు. మరుసటి ఏడు సారయ్య బామ్మర్ది ఐలయ్య ఒక పుల్ల మీదుగానే వల లాగాడు. అది అసలుది. తల్లీ తండ్రీ రెండూ పడ్డాయి. కట్ట మీద పంచాయితీ జరిగింది. నేనూ ఉన్నాను.

"కండ్లు కనవడయా నీకు? పుల్ల లేదా ఆడ?" సారయ్య కొట్టేంత పని చేశాడు.

"నువ్వు పాతినయాట్ల ఏది నిజమో ఏది ఉత్తదో నాకెట్ల తెలువాలె బావా? ఉత్తదే అనుకున్న. ఉత్త పుల్లలకు దండం పెట్టుకుంట తిరుగుతె నా ఇంట్ల పొయ్యెట్ల ఎలుగుతది?"

ఎవరూ తప్పు కట్టించలేదు. ఎవరి చేత కట్టిస్తారు? ఆ రోజు సారయ్య మొహం చూడలేకపోయాను. ఆ చెరువు మీద అందరూ ఏళ్ల తరబడి నమ్మింది ఒక్క గుడ్డపేలికను. దాన్ని పరాయివాళ్లు పాడు చేయలేకపోయారు. మనవాడే, మంచికే, పాడు చేశాడు. తర్వాత నిజంగా పాతిన పుల్లను కూడా ఎవరూ లెక్క చేయలేదు.

ఒక్క జంట

ఆ చెరువు మళ్లీ వెనకటిలా కాలేదు. అది ముందే చెబుతున్నాను, ఎవరూ ఆశ పెట్టుకోకండి.

ఎనభైల నడుమ ఒక ఏడు, మిరుగు వానలు పడ్డాక, ఒక పొద్దున సారయ్య మా ఆఫీసుకు వచ్చాడు. ఐలయ్య, ఇంకా చాలామంది అప్పటికే ఎగువన పెద్ద ప్రాజెక్టు నీళ్లలో కూలికి చేపలు పట్టడానికి వెళ్లిపోయారు. సారయ్య కూడా ఆ సాయంత్రం నెక్కొండలో రైలెక్కుతున్నాడు.

"జర నాతోని రాండ్రి సారూ" అన్నాడు.

తెప్ప మీద నన్ను ఎక్కించుకుని మత్తడికి దూరంగా ఉన్న తుంగ వైపు తోశాడు. నేను రెండు చేతులతో తెప్ప పట్టుకుని కూర్చున్నాను. తుంగ అంచున ఆపి వేలు చూపించాడు. నీళ్లు ఎర్రగా కదిలాయి.

"చెర్వు మొత్తంల గీ జంట ఒక్కటే నా కండ్లవడ్డది."

"పుల్ల పాతుదామా?"

"వద్దు సారూ. బయటోడు సూస్తె గాలమేస్తడు. మనోడు సూస్తె ఉత్తదే అని వలేస్తడు."

"మరి ఎట్లా?"

"ఏమో సారూ. నిరుడు కనవడ్డయి సుత మీకు చెప్పలే, ఆఫీసుల అడిగితె మీరు దాసలేరని. ఇప్పుడు నేనే పోతాన. మీకు గాక ఎవ్వరికి చెప్పాలె? ఇవి బతికితె మల్ల వస్త. బతకకపోతె ఇగ గీ ఊరితోని నాకేం పని?"

చెప్పాడే గానీ నేనేం చేయగలను? పర్మిట్ల మీద సంతకం నాదే. నేను పెట్టనంటే బాసు పెడతాడు. రోజంతా తుంగలో కాపలా కూర్చోలేను. ఆ సాయంత్రం కాళ్లు వాటంతట అవే ఆశీర్వాదం గారి ఇంటికి నడిచాయి. అంతా చెప్పాను. ఆయన ఏ తుంగ అని మాత్రం అడిగారు. సుగుణమ్మ గారు కాఫీ ఇచ్చారు, తాగి వచ్చేశాను.

మర్నాడు వెళ్లేసరికి, సరిగ్గా ఆ తుంగకు ఆనుకున్న గట్టు మీద, గొడుగు పాతుకుని, మడత స్టూలు మీద ఆశీర్వాదం గారు. చేతిలో గాలపు కర్ర. దారం చివర బెండు పిల్లల గుంపు మీదే తేలుతోంది. వానాకాలం పర్మిట్ అడిగినవాణ్ణి తరిమికొట్టిన మనిషేనా ఈయన? ఆయన మీద నాకు కోపం రావడం అదే మొదటిసారి.

నేను దగ్గరికి చేరేలోపే కట్ట మీద జీపు ఆగింది. మా బాసు, ఇద్దరు అతిథులు కర్రలతో దిగి, తుంగ చూసి నేరుగా ఇటే వచ్చారు. గాలం వేసేవాళ్లలో ఒక మర్యాద ఉంది. ఒకరు కూర్చున్న చోట ఇంకొకరు వేయరు. ఎంత పెద్ద హోదా ఉన్నా ఈ ఒక్క మర్యాద తప్పరు. వల వేసేవాళ్లు కూడా అటు రారు.

"పడుతున్నాయా సార్?" అన్నాడు ఒక అతిథి.

"పొద్దుగాల్నుంచి కూసున్న. ఒక్కటి పడలే."

"ఈ పక్కన మేమూ వేసుకోవచ్చా?"

"ఈ తుంగ నేను పట్టుకున్న. అటు మత్తడి దిక్కు చూసుకోండ్రి."

మా బాసు మొహం ముడుచుకున్నాడు గానీ, ఎంతైనా ఈయన తన కుర్చీలో తనకంటే ముందు కూర్చున్న మనిషి. "సరే సార్" అని వాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు.

"మీరు కూడానా సార్?" అన్నాను నేను.

ఆయన కోప్పడలేదు. కర్ర పైకెత్తారు. బెండు కింద చిన్న సీసం గుండు ఉంది. దాని కింద కొక్కెం లేదు. ఉత్త దారం. నాకు చూపించి, పిల్లలు బెదరకుండా మళ్లీ మెల్లగా దించారు.

"కూసో. మాట్లాడకు" అన్నారు.

పిల్లలు ఆ బెండు చుట్టూ ఎర్రగా పైకి వచ్చి, గాలి పీల్చుకుని కిందికి వెళ్లాయి. నేను కళ్లు తుడుచుకుని ఆయన పక్కన గట్టు మీద కూర్చున్నాను.

ఆయన రోజూ వచ్చారు. గుంపు జరిగితే స్టూలు జరుపుకున్నారు. వానకు తడిశారు, జ్వరం తెచ్చుకున్నారు, ఆ జ్వరంతోనే మళ్లీ వచ్చారు. ఆదివారం చర్చి మానేశారని ఊళ్లో వింతగా చెప్పుకున్నారు. వచ్చినవాళ్లంతా చేపలు పడని ముసలాయనను చూసి జాలిపడి, ఇంకో చోటు చూసుకున్నారు. చివరికి ఒక సాయంత్రం ఆయన దారం చుట్టేసి, స్టూలు మడిచి, "ఇగ పోదాం పా" అన్నారు.

నేను అటు నుంచి అటే నెక్కొండ స్టేషనుకు వెళ్లాను. ఎగువ ప్రాజెక్టుకు పోయే మత్స్యకారులు కొందరు మూటలతో రైలు కోసం కూర్చుని ఉన్నారు. అందులో తెలిసిన మొహం ఒకటి కనిపిస్తే, సారయ్యకు ఒక కబురు అందించమన్నాను.

"ఏమని చెప్పాలె సారూ?"

"పిల్లలు నల్లబడ్డయి, ఇంటికి రమ్మన్నానని చెప్పు."